పాకం పట్టని ఉండ: ఇంటి చిమ్మిలికి ఒక కొత్త లెక్క

ఈ పుస్తికలోని ఆరోగ్య విభాగం కోసం అనువదించవలసినదిగా నాకు అందిన అంశం ఒక్క పంక్తిలో ఉన్నది: ఓవెన్ అక్కరలేని ప్రొటీన్ బైట్స్‌ను ఇంట్లోనే తయారు చేసుకొనే విధానం. కన్నడ విభాగానికీ, ఉర్దూ విభాగానికీ ఇదే పంక్తి అందింది. నాకు మొదటి మాటలోనే చిక్కు వచ్చింది. ‘బైట్’ అనే మాటకు ‘కాటు’ అని వ్రాస్తే పాము గుర్తుకు వస్తుంది. ‘ముద్ద’ అని వ్రాస్తే మన బళ్లారి ప్రాంతంలో అందరికీ సంగటి ముద్దే తోస్తుంది. ‘కబళం’ అంటే కావ్యం చదువుతున్నట్లు ఉంటుంది.

నిఘంటువు పక్కన పెట్టి, మా వీధిలోని పెద్దవారిని అడిగాను. వేరుశనగ పప్పు, నువ్వులు, బెల్లం కలిపి దంచి, పాకం పట్టకుండా, నూనెలో వేయించకుండా చేసే ఉండను ఏమంటారు? ఒకావిడ ‘చిమ్మిలి’ అన్నారు. మరొకావిడ ‘నూగులుండ’ అన్నారు. పక్కింటి కన్నడిగులు ‘చిగళి’ అన్నారు. ముగ్గురూ వర్ణించిన వస్తువు దాదాపు ఒక్కటే. ఆ ఇళ్లలోని పిల్లలకు మాత్రం ఈ మూడు మాటలలో ఒక్కటీ తెలియదు. వారికి తెలిసినది రంగు కాగితంలో చుట్టి, దుకాణంలో అద్దాల బల్ల మీద పేర్చిన ప్రొటీన్ బారు.

కనుక ఈ వ్యాసం కొత్త వంటకాన్ని నేర్పడం లేదు. ఇంట్లో ఉన్నదానిని గుర్తు చేస్తున్నది. అయితే పాతది గనుక అంతా మంచిదేనని చెప్పడం కూడా దీని ఉద్దేశం కాదు. మన ఉండకు రెండు విషయాలలో కొత్త లెక్క అవసరం. ఒకటి బెల్లం. రెండవది, అంతకంటె ముఖ్యమైనది, గింజ నాణ్యత.

పొయ్యి వెలిగించని నాటి ఆహారం

వండకుండా చేసే తీపి మనకు పండుగల ద్వారా వచ్చినది. నాగుల చవితి నాడు పుట్టకు సమర్పించే నివేదనలో చిమ్మిలి, చలిమిడి, వడపప్పు ఉంటాయి. ఆ మూడింటిలో ఏదీ పొయ్యి ఎక్కదు. నానిన బియ్యాన్ని దంచి బెల్లం కలిపితే చలిమిడి, నువ్వులు బెల్లం కలిపి దంచితే చిమ్మిలి, పెసరపప్పు నానబెడితే వడపప్పు. ఈ పండుగను కొన్ని తెలుగు ఇళ్లలో శ్రావణంలోను, కొన్ని ఇళ్లలో కార్తీకంలోను జరుపుకొంటారు. కన్నడ ఇళ్లలో శ్రావణ శుద్ధ పంచమి నాటి నాగర పంచమికి చిగళి, తంబిట్టు చేస్తారు. ఒకే వీధిలో రెండు భాషల రోళ్లలో ఒకే నువ్వులు నలుగుతాయి.

పదార్థాల పేర్లు కూడా మన ఊరిలో ఇల్లు మారితే మారుతాయి. వేరుశనగను కొందరు శెనక్కాయలంటారు, కొందరు బుడ్డలంటారు. అంగడిలో కన్నడంలో అడిగితే శేంగా. వేయించిన శనగపప్పును మనం పుట్నాల పప్పు అంటే, అంగడివారు పుటాణి అంటారు. ఈ వ్యాసంలో వేరుశనగ పప్పు, పుట్నాల పప్పు అనే మాటలనే వాడుతున్నాను. మీ ఇంటి మాటతో చదువుకొనగలరు.

కావలసినవి

ఇరవై గ్రాముల ఉండలు సుమారు 22 కావడానికి:

వేరుశనగ పప్పు 200 గ్రాములు
పుట్నాల పప్పు 50 గ్రాములు
నువ్వులు 50 గ్రాములు (పొట్టు తీయనివి)
బెల్లం 150 గ్రాములు
యాలకులు నాలుగు, ఉప్పు చిటికెడు

త్రాసు లేనివారు నిష్పత్తిని గుర్తుంచుకొంటే చాలు. తూకంలో వేరుశనగ నాలుగు పాళ్లు, పుట్నాలు ఒక పాలు, నువ్వులు ఒక పాలు, బెల్లం మూడు పాళ్లు. అంటే గింజలన్నీ కలిపి ఎంత ఉంటే బెల్లం అందులో సగం. సమానంగా బెల్లం వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉన్నది. దానిని సగానికి తగ్గించడమే ఇక్కడ చేసిన మొదటి మార్పు.

చేసే విధానం

1. గింజలను పళ్లెంలో పరచి, వెలుతురులో ఏరండి. ఏమి ఏరి పారవేయాలో కింద వివరంగా ఉన్నది. ఈ మెట్టును దాటవద్దు.

2. వేరుశనగ పప్పును దళసరి మూకుడులో, సన్నని మంట మీద పది పన్నెండు నిమిషాలు కలియబెడుతూ వేయించండి. చల్లారిన తరువాత రెండు అరచేతుల మధ్య నలిపి, చెరిగి, పొట్టు తీయండి. నువ్వులను విడిగా, చిటపటలాడడం మొదలయ్యే వరకు మాత్రమే వేయించండి. మాడితే చేదు వస్తుంది. పుట్నాలు వేయించినవే గనుక వాటిని మళ్లీ వేయించనక్కరలేదు.

3. అన్నీ పూర్తిగా చల్లారనివ్వండి. వేడి గింజలను మిక్సీలో వేస్తే నూనె ఒక్కసారిగా వదిలి, పొడి కావలసినది ముద్దగా మారుతుంది.

4. మొదట నువ్వులు, తరువాత పుట్నాలు, చివర వేరుశనగ పప్పు, వేటికవి విడిగా పొడి చేయండి. మిక్సీని ఆపి ఆపి తిప్పండి. పిండి మరీ మెత్తగా కావలసిన పని లేదు. రవ్వలా ఉంటే నమలడానికి బాగుంటుంది.

5. తురిమిన బెల్లం, యాలకుల పొడి, ఉప్పు కలిపి, మొత్తాన్ని రెండు మూడు విడతలుగా మిక్సీలో మరొక్కసారి తిప్పండి. రోలు ఉన్నవారు ఈ చివరి మెట్టును రోటిలో చేస్తే మేలు. పిడికిట పట్టుకొంటే విడిపోకుండా నిలిచినప్పుడు సిద్ధమైనట్లు.

6. తడి లేని చేతులతో పెద్ద ఉసిరికాయంత ఉండలు చుట్టండి.

పొయ్యి వెలిగించే వీలు లేనివారు, ముఖ్యంగా వసతి గృహాలలో ఉండే విద్యార్థులు, అంగడిలో ఉప్పు లేని వేయించిన వేరుశనగ పప్పు కొని, వేయించని నువ్వులతోనే ఇదంతా చేసుకోవచ్చు. పండుగనాటి చిమ్మిలిలోనూ పలు ఇళ్లలో నువ్వులు పచ్చివే.

పాకం లేకుండా ఉండ ఎలా నిలుస్తుంది?

పప్పుచెక్కకు ముదురు పాకం కావాలి. ఈ ఉండకు అక్కరలేదు. కారణం గింజలోనే ఉన్నది. వేరుశనగ పప్పు బరువులో ఇంచుమించు నాలుగు పదుల శాతం, నువ్వులలో అంతకంటె కొంత ఎక్కువగా నూనె ఉంటుంది. దంచినప్పుడు గింజ కణాలు చిట్లి ఆ నూనె బయటకు వస్తుంది. బెల్లంలో సహజంగా ఉండే కొద్దిపాటి తేమ, దంచేటప్పుడు పుట్టే వేడిమి కలిసి బెల్లాన్ని మెత్తబరుస్తాయి. ఈ రెండూ పొడిని అంటిపెట్టుకొంటాయి. పుట్నాల పిండి మిగిలిన నూనెను పీల్చి, ఉండ చేతికి జిడ్డు అంటకుండా చూస్తుంది.

దీనిని బట్టి, ఉండ చెదిరిపోతే చేయవలసినది కూడా తెలుస్తుంది. నీళ్లు చిలకరించవద్దు. నీరు చేరితే రెండు మూడు రోజులలో బూజు వస్తుంది. మరికొంత సేపు దంచండి, లేదా ఒక చెంచా కరిగిన నెయ్యి కలపండి. మరీ జారుగా ఉంటే ఒక గుప్పెడు పుట్నాల పిండి కలపండి.

ఒక ఉండలో ఏమున్నది?

ఇక్కడ ఒక మాట గురించి చెప్పవలసి ఉన్నది. ప్రొటీన్లకు మన పాఠ్యపుస్తకాలలోని తెలుగు మాట ‘మాంసకృత్తులు’. శరీరంలో మాంసాన్ని నిర్మించేవి అని దాని భావం. కాని విన్నవారికి మాంసంలో మాత్రమే ఉండేవి అని తోచే ప్రమాదం ఉన్నది. నిజానికి వేరుశనగ పప్పులో నూటికి ఇరవై మూడు గ్రాములకు పైగా, పుట్నాల పప్పులో ఇరవై రెండు గ్రాముల వరకు, నువ్వులలో పద్దెనిమిది గ్రాములకు తక్కువ కాకుండా మాంసకృత్తులు ఉన్నాయి.

పైన చెప్పిన కొలత ప్రకారం చేసిన ఒక్కొక్క ఉండలో సుమారు మూడు గ్రాముల మాంసకృత్తులు, ఏడు గ్రాముల బెల్లం, తొంభై నుంచి నూరు కిలోకాలరీల శక్తి ఉంటాయి. రెండు ఉండలు తింటే ఇంచుమించు ఒక కోడిగుడ్డులో ఉన్నన్ని మాంసకృత్తులు అందుతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దవారికి రోజుకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 55 కిలోల బరువున్న స్త్రీకి సుమారు 46 గ్రాములు. రెండు ఉండలు అందులో ఎనిమిదవ వంతు మాత్రమే. మిగిలినది పప్పు, పెరుగు, పాలు, గుడ్లు, తినేవారికి చేపలు, మాంసం ఇవ్వాలి. ఉండ భోజనానికి తోడు మాత్రమే. భోజనానికి బదులు కాదు.

మూడు రకాల గింజలు కలపడంలో మరొక లాభం ఉన్నది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో ఏర్పడతాయి. వేరుశనగలో లైసిన్, మెథియోనైన్ అనే రెండు ఆమ్లాలు కొంత తక్కువ. శనగలో లైసిన్ బాగా ఉంటుంది, నువ్వులలో మెథియోనైన్ బాగా ఉంటుంది. ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది.

నువ్వులలో కాల్షియం ఎక్కువన్నది నిజమే. కాని ఒక ఉండలో ఉన్న నువ్వులు రెండు గ్రాములకు కాస్త ఎక్కువ మాత్రమే. ఉండ తింటున్నామని పాలు, పెరుగు, రాగి సంగటి మానరాదు. అలాగే ఉండను టీతో కలిపి తీసుకోవద్దు. టీలోని పదార్థాలు గింజలలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. జామపండుతోనో, నారింజతోనో తింటే ఇనుము మెరుగుగా గ్రహింపబడుతుంది.

బెల్లం కూడా చక్కెరే

బెల్లం మంచిది, చక్కెర చెడ్డది అనే మాట మన ఇళ్లలో బలంగా ఉన్నది. బెల్లంలో కొన్ని ఖనిజ లవణాలు మిగిలి ఉంటాయి, అంతవరకు నిజం. కాని శరీరానికి అది ప్రధానంగా చక్కెరే. రోజువారీ ఆహార శక్తిలో విడి చక్కెరల వాటా పది శాతానికి మించరాదని, ఐదు శాతానికి తగ్గితే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. రెండువేల కిలోకాలరీల ఆహారం తీసుకొనేవారికి ఆ ఐదు శాతం అంటే 25 గ్రాములు. రెండు ఉండలతోనే అందులో సగం దాటిపోతుంది. కనుక పెద్దవారికి రోజుకు రెండు చాలు. మధుమేహం ఉన్నవారు ‘ఇంట్లో చేసినదే కదా’ అని తినరాదు, తమ వైద్యుని అడిగి తినాలి. బెల్లానికి బదులు ఖర్జూరాలు వేసినా లెక్క పెద్దగా మారదు, తీపి తీపే.

ముడుచుకున్న గింజ

మా ఇంట్లో వేరుశనగ కాయలు వలిచినప్పుడు గింజలు రెండు కుప్పలయ్యేవి. నిండైన గింజలు చట్నీకి, తాళింపుకు, చుట్టాలు వచ్చినప్పటి వంటకు. ముడుచుకున్నవి, రంగు మారినవి, విరిగినవి పిల్లల ఉండలకు. దంచితే తెలియదు కదా అనే పొదుపు బుద్ధి అది. అందులో దురుద్దేశం ఏమీ లేదు. పారవేయడానికి మనసొప్పని ఇల్లు మాది. ఇటువంటి ఇళ్లు మన ఊరిలో ఇప్పటికీ తక్కువ లేవు. పొడి గింజలనూ, నూకనూ చవకగా కొని మిఠాయికి వాడే అలవాటు అంగళ్లలోనూ ఉన్నది.

ఆ రెండవ కుప్ప గురించి ఇప్పుడు మనకు తెలిసినది వేరు. తేమ తగిలిన వేరుశనగ మీద ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే బూజు పెరుగుతుంది. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని గింజలోకి విడుస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియని రోగంతో చనిపోగా, శాస్త్రజ్ఞులు శోధించి, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఈ విషాన్ని కనుగొన్నారు. ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దీర్ఘకాలం కొద్దికొద్దిగా ఒంట్లో చేరితే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. వేరుశనగను ప్రధాన పంటలలో ఒకటిగా ఎంచుకొని పరిశోధిస్తున్న పటాన్‌చెరువులోని ఇక్రిసాట్ సంస్థ ఈ విషాన్ని తగ్గించే మార్గాల మీద కూడా పనిచేస్తున్నది.

గృహిణులు, వంటవారు గుర్తుంచుకోవలసినది ఒకటే. వేయించితే బూజు చావవచ్చు గాని, అది అప్పటికే విడిచిన విషం పూర్తిగా పోదు. దంచితే కనబడకుండా పోతుంది, అంతే. కనుక ముడుచుకున్నవి, నల్లబడినవి, పసుపు లేదా ఆకుపచ్చ పొడి అంటినవి, నోట వేస్తే చేదుగా తగిలేవి, పురుగు తొలిచినవి ఏరి పారవేయండి. పశువులకు, కోళ్లకు కూడా వేయవద్దు. ఏరిన గింజలు మాత్రమే మూకుడులో పడాలి. పావు కిలోలో ఒక గుప్పెడు నష్టపోయినా అది నష్టం కాదు. గింజలను గాలి చొరని డబ్బాలో, తేమ లేని చోట ఉంచండి. వానాకాలంలో ఎక్కువగా కొని నిల్వ చేయవద్దు. బియ్యం బస్తా పక్కన తడి గోడకు ఆనించి పెట్టిన సంచిలోని వేరుశనగను నమ్మవద్దు.

ఎవరికి ఎలా పెట్టాలి

ఐదేళ్ల లోపు పిల్లలకు గింజలు గింజలుగా పెట్టరాదు. గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది. వారికి పొడిని మరింత మెత్తగా చేసి, గుండ్రని ఉండగా కాక వేలితో నొక్కి పలుచని బిళ్లగా చేసి, చిన్న ముక్కలుగా ఇవ్వండి. కూర్చోబెట్టి తినిపించండి. పరుగెత్తుతూ తిననివ్వవద్దు.

వేరుశనగ, నువ్వులు కొందరికి పడవు. తిన్న వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఊపిరాడకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. అందువల్ల బడిలో ఇతర పిల్లలకు పంచేముందు వారి ఇంటివారిని అడగడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా. వేరుశనగ పడనివారు దాని స్థానంలో పుట్నాలు, ఎండు కొబ్బరి కలిపి చేసుకోవచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాంసకృత్తుల పరిమాణం గురించి వైద్యుని సలహా పాటించాలి.

నిల్వ, కొనుగోలు, అమ్మకం

తడి లేని డబ్బాలో ఉంచితే ఈ ఉండలు పది రోజుల వరకు బాగుంటాయి. మన బళ్లారి వేసవిలో మాత్రం నూనె త్వరగా పాడవుతుంది. అప్పుడు వారానికి సరిపడా మాత్రమే చేసుకోండి, లేదా ఫ్రిజ్‌లో ఉంచండి. పాత నూనె వాసన వస్తే తినవద్దు. ఉండలను వార్తాపత్రిక కాగితంలో చుట్టవద్దు. అచ్చు సిరా నూనె పదార్థాలకు సులభంగా అంటుతుంది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కూడా దీనిని వారించింది.

దుకాణంలో ప్రొటీన్ బారు కొనేవారు ముందువైపు పెద్ద అక్షరాలను కాక, వెనుకవైపు చిన్న అక్షరాలను చదవండి. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు, తక్కువ బరువున్నది తరువాత వ్రాయాలన్నది నియమం. మొదటి రెండు మూడు మాటలలోనే చక్కెర, గ్లూకోజ్ సిరప్ ఉంటే అది ప్రధానంగా మిఠాయి అని తెలుసుకోండి. తరువాత, ధరను అందులోని మాంసకృత్తుల గ్రాములతో భాగించండి. ఇంటి ఉండకు అయిన ఖర్చును కూడా అలాగే భాగించి చూడండి. ఏది చవకయో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఉండలు చేసి అమ్మదలచిన స్వయం సహాయక బృందాల మహిళలకు ఒక మనవి. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం ప్రకారం ఇంటి నుంచి అమ్మే చిన్న వ్యాపారానికి కూడా నమోదు తప్పనిసరి. పొట్లం మీద పదార్థాల పేర్లు, తయారు చేసిన తేదీ వ్రాయండి. వేరుశనగ, నువ్వులు ఉన్నవని స్పష్టంగా తెలపండి.

చివరకు మూల పాఠంలోని ‘ప్రొటీన్ బైట్స్’ అనే మాటకు ఎదురుగా ‘చిమ్మిలి ఉండలు’ అని వ్రాశాను. కన్నడ విభాగపు మిత్రులు ‘చిగళి’ అని వ్రాస్తామన్నారు. మాట తెలిసిన పెద్దవారు మీ ఇంట ఉంటే, ఈ ఆదివారం పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని గింజలు ఏరించండి. మంచి గింజల కుప్ప ఉండలకు, రెండవ కుప్ప చెత్తబుట్టకు. ఆ తేడా వారి చేతికి అలవాటైతే చాలు.